బేరమాడని మున్సిపాలిటీ

పాఠకులారా! మన అభిప్రాయం అడిగే మున్సిపాలిటీని మించిన వరం ఇంకేదైనా ఉందా? లేదు గాక లేదు!

ఎనభై మూడులో వరంగల్ బజారులో ఆ వరం కురిసింది. "మీ వీధి వినోదానికి ఏం కావాలి? సభకొచ్చి చెప్పండి!" అని రిక్షాలో మైకు పెట్టి చాటించారు. నల్లాలో నీళ్లొస్తున్నాయా అని ఏనాడూ అడగని వాళ్లు, మన ఆటపాటల గురించి అడిగితే కళ్లు చెమర్చవూ?

బట్టల దుకాణం వెంకట్రాజానికి చెమర్చాయి. నిజానికి ఆ ఇంటికి కావాల్సింది ఒక్క లైటు స్తంభం. దసరా ముందర వచ్చే బతుకమ్మను ఆడవాళ్లు దుకాణాల వెనకున్న ఖాళీ జాగాలో ఆడతారు. పొద్దుగూకితే అక్కడ కన్ను పొడుచుకున్నా కానరాదు. పోయినేడు ఆయన భార్య కళావతి రాయి తగిలి బోర్లాపడింది.

"ఓ లైటు అడుగు. ఇంకోటి అడగకు," అని చెప్పి మరీ పంపింది.

లైటు కావాలంటే లైటు అడుగుతారా ఎవరైనా? అగ్గిపెట్టె చేతిలో పెట్టి పంపరూ! వెంకట్రాజం దుకాణంలో చీర ధర రెట్టింపుతో మొదలవుతుంది. నర్సంపేట నుంచి వచ్చిన రైతు అందులో పావు వంతు అంటాడు. చివరికి అసలు ధర దగ్గర ఇద్దరూ ఏడుపు మొహాలు పెట్టి, లోలోపల నవ్వుకుంటారు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం ఆ ఇంటావంటా లేదు.

అందుకే సభలో ఆఫీసరు రాజేశ్వర్ రావు "చెప్పండి" అనగానే లేచాడు.

"మాకు స్విమ్మింగ్ పూల్ గావాలె సార్!"

పక్కనున్న కిరాణా నర్సయ్యకు సంగతి అర్థమైపోయింది. ఆయనా వ్యాపారే కదా! "అండ్ల పడవలు గూడ!" అన్నాడు. "ఒడ్డుకు ఓ జూ!" అని గాజుల యాకయ్య అందుకున్నాడు.

ఇక తగ్గించడం ఆఫీసరు వంతు. పూల్ కుదరదు, పార్కు అంటాడు. పార్కు కూడా కాదు, బెంచీలు అంటాడు. లైటు దగ్గర బేరం తెగుతుంది. వెంకట్రాజం మొహం చిట్లించుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"పడవలు, జూ తర్వాత చూద్దాం. స్విమ్మింగ్ పూల్ మంజూరు!" అనేసి ఆఫీసరు జీపెక్కాడు.

బేరమాడని గిరాకీని వెంకట్రాజం జన్మలో చూడలేదు.

వానలు పడేలోగా పూల్ పేరుతో దుకాణాల వెనక ఖాళీ జాగా అంతా గుంత అయింది. తర్వాత నిధులు అయిపోయాయి, కూలీలు వెళ్లిపోయారు. అయితేనేం, ఎంత వినోదం! అందులో మేక పడితే తీసేవాళ్లు నలుగురు, సలహాలిచ్చేవాళ్లు నలభై మంది! నెక్కొండ నుంచి చుట్టాలొస్తే సినిమా ఖర్చు లేదు, గుంత చూపించి పంపుతున్నారు. వాన కురిస్తే కప్పల కచేరీ, టికెట్టు కూడా లేదు! ఏ మహానగరంలో ఉందండీ ఈ భోగం?

కళావతికి మాత్రం ఆ భోగం పట్టలేదు. బతుకమ్మ దగ్గరపడింది, ఆడే చోటు లేదు. మొగుడితో మాటలు మానేసింది. వెంకట్రాజానికి ముద్ద దిగడం లేదు. తన నోటితో తనే ఆ జాగా పోగొట్టానని పాపం నిజంగానే కుమిలిపోయాడు.

అంతలో మళ్లీ అభిప్రాయ సేకరణ! ఈసారి వ్యాపారం దుకాణంలోనే వదిలేసి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"మాకేం వద్దు సార్. జర గా గుంత పూడ్పియ్యుండ్రి. గంతే."

ఆఫీసరు మొహం చిట్లించాడు. "మొత్తమా? కుదరదయ్యా. పావు వంతు పూడుస్తాం."

"సార్, అసలు మాట చెప్తాన్న సార్!"

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. సగం!"

వెనక ఆడవాళ్లలోంచి కళావతి లేచి నిలబడింది. ఆమెను చూసి ఆఫీసరు చల్లగా నవ్వాడు. "సగం గుంత ఉంటే మీకే మంచిదమ్మా. వాననీళ్లు నిలుస్తాయి. బతుకమ్మను నీళ్లలోనే కదా వేసేది?"

"ఆడినంక గద సార్ ఏసేది! ఆడేది మేము. మీకేం గావాలె అని మమ్ముల ఒక్కసారన్న అడిగిండ్లా?"

ఆఫీసరు నిజంగానే నొచ్చుకున్నాడు.

"పొరపాటేనమ్మా! మీ అభిప్రాయం కోసం ప్రత్యేకంగా సభ పెడతాం," అని మాటిచ్చాడు. "దసరా వెళ్లగానే!"