నిమ్‌పురా పెరట్లో పెరిగిన వాన

కోడలు ఇందు చెయ్యి పడితే ఏ పనీ చక్కగా సాగదు. నిమ్‌పురాలో ఎర్రయ్య ఇంట ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. పని తెలిసిన మనిషి ఆయన భార్య చిట్టెమ్మ ఒక్కతే, ఆమె పోయింది.

ఆ ఉదయం ఎర్రయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చున్నాడు. పెరట్లోని వర్షమాపకంలో పడిన నీళ్ళను రైల్వే షెడ్డులో పనిచేసే రోజుల నుంచీ కొలిచి పంపుతున్నందుకు హిజ్లీలోని వాతావరణ పరిశోధన కేంద్రంలో శాలువా కప్పుతారట. తీసుకువెళ్ళడానికి అక్కడి పరిశోధక విద్యార్థిని ప్రజ్ఞ టోటో రిక్షాలో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"తాతగారూ, చుట్టుపక్కలంతా వాన తగ్గుతోంది. మీ పెరట్లో మాత్రం పదేళ్ళ కిందట ఒక్కసారిగా పెరిగింది. ఇది కాకతాళీయం కాదని పరీక్షలన్నీ చెబుతున్నాయి. కారణం తెలిసేదాకా శాలువా ఆపమన్నారు మా సారు."

ఎర్రయ్య వేళ్ళ మీద లెక్కవేశాడు. పదేళ్ళ కిందటే భార్య పోయింది, కోడలు వచ్చింది.

"ఏటే ఇందూ! తులసికి పొయ్యాల్సిన నీళ్ళు ఆ డబ్బాలో పోస్తన్నావేటి?"

"నానేల పోస్తాను మావయ్యా? దానేపు సూడనిస్తారేటి మీరు?"

గోడ అవతల జోగమ్మకు రెండు ముక్కలు చాలాయి: చిట్టెమ్మ పోయింది, వాన పెరిగింది.

"సిట్టెమ్మొదిన వానై దిగుతన్నాదర్రా!"

వీధిలోని ఆడవాళ్ళంతా పసుపు కుంకాలతో దిగిపోయారు. ఒకామె మాపకానికి బొట్టు పెట్టింది. ఇంకొకామె కొబ్బరికాయ కొట్టి నీళ్ళు అందులోనే పోసింది. ప్రజ్ఞ కెవ్వుమంది.

ఎర్రయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "అదే అయ్యుంటాది. నానంటే పేణం దానికి."

ప్రజ్ఞ జోగమ్మ వైపు తిరిగింది. "ఆవిడ ఉన్నప్పుడు ఈ డబ్బా జోలికి వచ్చేవారా అండీ?"

"రాకేటి? బోరు నీళ్ళకి కందిపప్పు ఉడికి సావదు గదా. వాన పడిందంటే, తెల్లారి అన్నయ్య లెగక ముందే అందులోంచి గళాసుడు తోడీసీది. ఆకు పడదు, కాకి ముట్టదు అనీది. ఆ పప్పు తిని, సిట్టెమ్మ సేతిలోనే ఉంది మహిమ అని అన్నయ్య మురిసిపోయీవోడు."

ప్రజ్ఞ మాపకంలోకి తొంగి చూసింది.

"అయితే ఇప్పటి కొలతలే సరైనవి," అంది ప్రజ్ఞ మెల్లగా. "తప్పులన్నీ అంతకు ముందువి."

ఇందు కొంగు బిగించి వంటింటి వైపు నడిచింది. గుమ్మంలో ఆగి అడిగింది: "ఈ పూట పప్పు సెయ్యమంటారా, మావయ్యా?"

శాలువా హిజ్లీ దాటి రాలేదు. ఎర్రయ్య ఇప్పటికీ వాన గురించి మాట్లాడతాడు, పప్పు గురించి మాట్లాడతాడు, చిట్టెమ్మ గురించీ మాట్లాడతాడు. మూడింటినీ కలిపి అడిగితే మాత్రం చచ్చినా నోరు విప్పడు.