చెక్క గ్లాసుకు జోడీ

జబ్బుపడి లేచాక, గడియారాలు బాగుచేసే ఆయన అత్తగారికి చేతుల్లో వణుకు మిగిలిపోయింది. గాజు గ్లాసు చేజారి పగిలింది. స్టీలు గ్లాసు పళ్లకు తగిలి టకటకలాడింది. ఆ చప్పుడు ఇంట్లోవాళ్లు వినడం ఇష్టంలేక ఆవిడ "దాహం లేదమ్మా" అనడం మొదలుపెట్టారు. ఒంట్లో నీరు తగ్గిపోతోందని డాక్టరు కోప్పడ్డాడు. కూతురు బతిమాలింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

అల్లుడు ఎండిన టేకు ముక్క ఒకటి తెచ్చుకుని వరండాలో చతికిలబడ్డాడు. ఆవగింజంత మరలు బిగించే చేతులకు ఉలి ఒక పట్టాన లొంగలేదు. మొదటి గ్లాసుకు అడుగున చిల్లి పడింది.

"గ్లాసు చేస్తున్నారా, గరాటా?" అంది భార్య.

"ముందు గరాటు, తర్వాత గ్లాసు. పని నేర్చుకోవద్దా?"

"నేర్చుకోండి. వేళ్లు మాత్రం మిగుల్చుకోండి. వాటి మీదే బతుకుతున్నాం."

రెండోది నిలిచింది. ఒరిగిపోకుండా వెడల్పాటి అడుగు, రెండు చేతులకూ రెండు పిడులు, పెదవికి మెత్తగా తగిలే అంచు. గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి ఆరబెట్టాడు. చెవులు పెద్దవైన పసివాడి తలలా ఉంది.

భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది. కానీ అమ్మ ముట్టుకోదు. రోగిష్టిదాని గ్లాసు అనుకుంటుంది."

ఆయన అలాంటిదే ఇంకోటి చెక్కాడు. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర తన చెయ్యి గడగడా వణికించాడు.

"ఈమధ్య నాకూ గ్లాసు నిలవడం లేదు అత్తయ్యగారూ. అందుకని ఇది చేసుకున్నా. చెక్క మిగిలితే మీకూ ఒకటి చేశా."

ఆవిడ ఆయన చేతిని చాలాసేపు చూశారు. "ఈ వయసుకేనా, బాబూ" అని, రెండు పిడులూ పట్టుకుని గ్లాసెడు నీళ్లూ తాగేశారు. చెక్క పళ్లకు తగిలినా చప్పుడు లేదు. భార్య వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. పూటపూటా వణకాల్సి వచ్చింది. ఆయన చొక్కా ఆరిన పాపాన పోలేదు. పక్కింటి రేడియో పిన్ని కిటికీలోంచి ఇదంతా చూసింది. ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. షాపుకొచ్చినవాళ్లు "మీ చెయ్యి నెమ్మదించాక తెస్తాలెండి" అని గడియారం జేబులో వేసుకుని వెళ్లిపోసాగారు.

"నిజం చెప్పెయ్యండి" అంది భార్య.

"చెబితే ఆవిడ తాగడం మానేస్తారు."

"చెప్పకపోతే మనకి తాగడానికి నీళ్లే మిగులుతాయి."

ఆ సాయంత్రం ఆయన అత్తగారి మంచం పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, నా చెయ్యి నయమైపోయినట్టుంది."

"అవకేం చేస్తుంది? ఒకపూట కుడిది వణికేది, ఒకపూట ఎడమది. అలా వంతులేసుకునే వణుకు నేనెక్కడా చూడలేదు."

ఆయన తల దించుకున్నాడు. "మరి తెలిసీ ఎందుకు తాగారు?"

"కన్నకూతురు కూడా నన్ను చూసి ఏడుస్తోంది. మీరొక్కరే నా పక్కన కూర్చుని వణికారు. ఎలా కాదంటాను?"

ఆయన జారిన దుప్పటి సర్ది ఆవిడ కాళ్లమీద కప్పాడు.

"రేడియో పిన్నిని పిలిచి మీ చెయ్యి కుదుటపడిందని చెప్పా. రేపు చూసుకోండి, గడియారాలు కుప్పలు పడతాయి. ఇక వణక్కండి బాబూ, రోజూ ఆ తడి తుడవలేక మా అమ్మాయి నడుం పడిపోతోంది."

ఆయన బతుకుజీవుడా అనుకుని బల్లమీదున్న స్టీలు గ్లాసు అందుకున్నాడు.

"అది అక్కడ పెట్టండి" అన్నారు అత్తగారు. "వణుకు మానమన్నాను గానీ చెక్క గ్లాసు మానమన్నానా? నేనొక్కదాన్నే అందులో తాగితే మళ్లీ నాకు సిగ్గేస్తుంది."