ఆరో లోటా

పెళ్ళై మూడేళ్ళయినా భుజంగరావుగారు శశిధర్‌ను ఒక్కసారైనా "అల్లుడూ" అని పిలవలేదు. ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే "మా వరూధిని భర్త" అనేవారు, అదేదో అమ్మాయి తెలియక కొనుక్కున్న వస్తువన్నట్టు. ఈ ఆదివారం ఎలాగైనా ఆ పిలుపు పిలిపించుకోవాలని శశిధర్ పొద్దున్నే నడుం బిగించాడు.

డాక్టరు మామగారికి గోధుమ, బార్లీ మాన్పించాడు. చపాతీలు పోయినందుకు ఆయన బాధపడలేదు గానీ, ఆదివారం మధ్యాహ్నపు ఒక్క గ్లాసు బీరు పోయినందుకు నెల రోజులుగా ముఖం వేలాడేసుకున్నారు. అందుకని శశిధర్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుటంతా గాలించి, గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ లేని బీర్లు అయిదు రకాలు మారతహళ్ళిలో తమ ఇంటికి మోసుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ టెస్టరు కదా, సీసా అందం చూసి మోసపోకూడదని అన్నింటినీ స్టీలు లోటాల్లో పోసి, అంకెలంటించి, చిన్న గ్లాసులో వంచుకుని రుచి చూడటం మొదలెట్టాడు.

ఒకటోది దగ్గుమందు. రెండోది సీసా కడిగిన నీళ్ళు. మూడోది గొంతు దిగనే లేదు. నాలుగోదానికి వచ్చేసరికి ఒకటోది ఎలా ఉందో మరిచిపోయి, పాపం, మళ్ళీ మొదటికొచ్చాడు.

"ఇది టెస్టింగా, తాగుడా?" అంది వరూధిని.

"రీటెస్ట్! కన్ఫర్మ్ చెయ్యొద్దూ?" అన్నాడు గోడ పట్టుకుని.

వరూధిని వంటింట్లోకి వెళ్ళింది. ఇంతలో కింది ఇంటి ఓనరు సొన్నమ్మ, వరూధినికని ఓ లోటాడు పల్చటి రాగి అంబలి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళింది. అంకె లేని లోటా కనబడేసరికి శశిధర్, ఒకదానికి అంటించడం మరిచానని తనను తాను తిట్టుకుని, దానికి ఆరు అంటించాడు.

భుజంగరావుగారు వచ్చారు. అయిదింటికీ మొహం చిట్లించి, ఆరోది నోట పెట్టగానే కళ్ళు మూసుకున్నారు.

"ఆహా! బీరంటే ఇదీ! పులుపు, కాస్త కారం... ఏ దేశంది?"

"ఆరు," అన్నాడు శశిధర్.

లోటా ఖాళీ అయింది. ఆయనకు తల తేలిపోతున్నట్టనిపించింది. శశిధర్ భుజంమీద చెయ్యేశారు. "నా నాలుక బాధ నీకొక్కడికే పట్టిందయ్యా. ఇన్నాళ్ళూ నిన్ను దూరం పెట్టాను, నాదే తప్పు అల్లుడూ!"

వరూధిని కళ్ళు చెమర్చాయి. అప్పుడే గుమ్మంలో సొన్నమ్మ.

"ఏమప్పా, నా లోటా యాడ ఉండాది? అంబలి బాగుండెనా?"

భుజంగరావుగారు లోటాలోకి తొంగిచూశారు. కూతురి వైపు చూశారు.

"రేపు మత్తులో అన్నానని తప్పించుకుందామనుకున్నానే! అంబలికి మత్తేమిటి? అన్న మాట అన్నట్టే." సొన్నమ్మవైపు తిరిగి, "ఇంకో లోటా ఉందామ్మా?" అన్నారు.

అల్లుడుగారు అప్పటికే సోఫాలో గుర్రు పెడుతున్నారు. మర్నాడు జరిగిందంతా వరూధిని చెబితే శశిధర్ నమ్మలేదు. మామగారిని ఒకసారి రీటెస్ట్ చేద్దామన్నాడు.