తక్కువ వాడిన కంప్రెసర్

ఆ శనివారం డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే వెళ్లి పాత ఎయిర్ కంప్రెసర్ ఒకటి చూడటం, మధ్యాహ్నానికి దాన్ని గ్యారేజీలో దించడం, సాయంత్రానికల్లా దాని గాలితో తన స్కూటరుకు ఎర్ర రంగు కొట్టడం. పాపం ఆ స్కూటరు మూడేళ్లుగా పాత రంగంతా గీకించుకుని ఈ ముహూర్తం కోసమే పడి ఉంది.

ప్రకటన చూపించింది ఆయన భార్య. ఇంట్లోకి పాత మేకు తెచ్చినా ఊరుకోని మనిషి, ఫోను తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టి, "ఏమండీ, ఇది మీకు పనికొస్తుందేమో చూడండి" అంది. 'తక్కువ వాడిన కంప్రెసర్. స్వయంగా వచ్చి చూసుకోవలెను.' మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. అనుమానించాల్సింది అక్కడే. ఆయనకు అంత తెలివి ఉంటే ఈ కథే లేదు.

చిరునామా చదివాక మాత్రం గుండెల్లో రాయి పడింది. అది పళ్ల డాక్టరమ్మ క్లినిక్కు. మూడు వారాలుగా మాస్టారికి కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి సలుపుతోంది. పళ్ల డాక్టరంటే ఆయనకు చచ్చేంత భయం. అందుకని బుగ్గన లవంగం పెట్టుకుని, కుడివైపు నములుతూ, ఎవరైనా అడిగితే చెవిపోటని చెప్పి నెట్టుకొస్తున్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"నేను వెళ్లేది కుర్చీ దగ్గరికి కాదుగా" అని ధైర్యం చెప్పుకుని బావమరిదికి ఫోను చేశారు. అతను పనిచేసేది బట్టల కొట్లో, సలహాలిచ్చేది యంత్రాల మీద.

"బావా, మూడే మూడు గుర్తుపెట్టుకో. ట్యాంకు మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే నువ్వొచ్చేలోపే నడిపి, చల్లగా ఉన్నప్పుడు మొరాయించే సంగతి దాచారన్నమాట. రెండు, అడుగున చిన్న కుళాయి ఉంటుంది, తిప్పు. నీళ్లు ఎర్రగా వస్తే లోపలంతా తుప్పే. మూడు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా నమ్మకు."

మాస్టారు కుర్చీ కంటపడకుండా వెనక తలుపు నుంచి వెళ్లారు. నర్సు కంప్రెసర్ ఉన్న గది చూపించి వెళ్లిపోయింది. ట్యాంకు మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. "దొరికారు" అనుకున్నారు మాస్టారు. గోడ అవతల ఒక లారీ డ్రైవరు నోట్లో డాక్టరమ్మ పన్ను తొలిచే మర తిప్పుతోందనీ, ఆ మరకు గాలి ఇక్కడినుంచే వెళ్తోందనీ ఆయనకు తట్టలేదు. వంగి కుళాయి తిప్పారు. బిగుసుకుపోయి ఉంది. పళ్లు బిగించి మళ్లీ తిప్పారు. పన్ను జివ్వుమంది, పిడి ఊడి చేతికొచ్చింది, ఏళ్ల తరబడి నిలవున్న ఎర్రనీళ్లు బుస్సుమని తెల్లచొక్కా నిండా చిమ్మాయి.

అవతల డ్రైవరు నోట్లో మర నీరసంగా మూలిగి ఆగిపోయింది. "వెనక ఎవరది?" అంది డాక్టరమ్మ. సంజాయిషీ చెప్పుకుందామని మాస్టారు కంగారుగా ఒక తలుపు తీశారు. అది జనం కూర్చునే హాలు. అక్కడున్న నలుగురికీ, ఒక చేత్తో దవడ, ఇంకో చేత్తో ఇనప ముక్క పట్టుకుని, పొట్ట దాకా ఎర్రగా తడిసిన మనిషి కనిపించాడు.

"కంగారు పడకండి. ఇందులో డాక్టరమ్మ తప్పేం లేదు" అన్నారు మాస్టారు.

నాలుగు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. ఒక ముసలాయన చేతికర్ర కూడా మరిచిపోయి పరుగెత్తాడు.

డాక్టరమ్మ వచ్చి పటకారుతో కుళాయి బిగించింది. ట్యాంకులో మళ్లీ గాలి నిండింది. కానీ లారీ డ్రైవరు కుర్చీ ఎక్కనన్నాడు. "మళ్లీ మధ్యలో ఆగదని గ్యారంటీ ఏంటమ్మా? ముందు ఆ సారుని కూర్చోబెట్టి చూడండి."

"కూర్చోండి మాస్టారూ. ఒట్టి గాలే కొడతాను" అంది డాక్టరమ్మ.

చేసిన నిర్వాకానికి కాదనే మొహం లేక మాస్టారు కూర్చున్నారు. కుడివైపు పళ్లు చూపించారు. ఆవిడ సూటిగా ఎడమవైపు కొట్టింది. మాస్టారు జానెడు ఎత్తు లేచిపడ్డారు.

"ఇదేనా ఆ చెవిపోటు?" అందావిడ.

చెవిపోటు సంగతి ఈవిడకెలా తెలుసని అడిగే లోపే మత్తుసూది పడింది. గంట తర్వాత, పుచ్చు పూడిన పన్నుతో మాస్టారు హాల్లోకొస్తే, అక్కడ భార్య కూర్చుని ఉంది. బల్ల మీది రిజిస్టరులో ఆమె దస్తూరీ: 'శనివారం, తొమ్మిదిన్నర. డ్రాయింగు మాస్టారు. ఎడమవైపు, కింది దవడ. వెనక తలుపు నుంచి వస్తారు.'

"మరి కంప్రెసరు?" అన్నారు మాస్టారు, సగం నోటితో.

"అది అమ్మేసి నేను దేంతో పనిచెయ్యను?" అంది డాక్టరమ్మ.

"లవంగాల డబ్బా రెండుసార్లు నింపాను. నిద్దట్లో మూలుగుతుంటే విన్నాను" అంది భార్య. "డాక్టరంటే మంచం దిగరు, పాత సామానంటే పరుగెత్తుతారు. ఇంకేం చెయ్యమంటారు?"

మాస్టారికి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగింది. మొహం సగం మొద్దుబారి ఉండటంతో ఆ రెండూ ఒకవైపే కనిపించాయి.

ఆ ఎర్రనీళ్లు అప్పుడప్పుడూ వదలాలని డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదట. ఇంకో ఏడాదైతే ట్యాంకుకు చిల్లు పడేదట. అందుకని మాస్టారు నెలకోసారి వెళ్లి నీళ్లు వదిలేట్టు, బదులుగా క్లినిక్కు మూసిన ఆదివారాలు అక్కడి పెరట్లో ఆ కంప్రెసరుతోనే స్కూటరుకు రంగు కొట్టుకునేట్టు ఒప్పందమైంది. స్కూటరిప్పుడు ఎర్రగా మెరిసిపోతోంది.

పోయిన వారం బావమరిది చెంపకు గుడ్డ కట్టుకుని వచ్చి, చెవిపోటన్నాడు. మాస్టారు మర్నాడు పొద్దున్నే అతని ఫోనుకు ఒక ప్రకటన పంపారు: 'క్లినిక్కులో జనరేటర్ మొరాయిస్తోంది. యంత్రాలు బాగా తెలిసినవారి సలహా కావలెను. వెనక తలుపు తెరిచే ఉంటుంది.'