పదిహేనేళ్ళు మన్నే హీటరు

మీ గీజరులో హీటరు కాలిపోయిందా? అయితే ముందుగా నా అభినందనలు అందుకోండి! ఇకమీదట మీ ఇంట్లో జ్ఞానం పొంగి పొర్లుతుంది. పొంగనివి వేడినీళ్ళు మాత్రమే.

వేళాకోళం అనుకుంటున్నారు కదూ? గీజరు సవ్యంగా పనిచేసినన్నాళ్ళూ మీరేం నేర్చుకున్నారో చెప్పండి చూద్దాం. స్విచ్చి వేశారు, కుళాయి తిప్పారు, స్నానం చేశారు, తల తుడుచుకున్నారు. అదీ ఒక బతుకేనా?

నేనూ ఒకప్పుడు మీలాంటి అజ్ఞానినే. గీజరంటే బాత్రూం గోడకు వేలాడే తెల్లటి డబ్బా అనుకునేవాణ్ణి. దాని కడుపులో హీటరు అనే వంకర కడ్డీ ఒకటి ఉంటుందనీ, పాపం అది నీళ్ళలో మునిగి, తాను కాగుతూ మనకు నీళ్ళు కాచిపెడుతుందనీ మా ఎలక్ట్రీషియన్ దాన్ని బయటికి లాగి చూపించేదాకా నాకు తెలియదు. ఒళ్ళంతా సున్నపు పెచ్చులు కట్టి, మధ్యలో చిట్లిపోయి ఉంది.

"మీ నీళ్ళలో సున్నం ఎక్కువ సార్. అందుకే కాలిపోయింది. ఇలాంటిదే ఇంకోటి వేసేస్తాను, సాయంత్రానికల్లా వేడినీళ్ళొచ్చేస్తాయి" అన్నాడు.

సాయంత్రానికల్లానట! ఎంత ప్రమాదం తప్పిందో చూశారా? నేను గనక ఏమరుపాటున సరే అని ఉంటే, ఈ వ్యాసమే ఉండేది కాదు.

"ఇలాంటిదేనా? మళ్ళీ కాలిపోవడానికా? మన్నికైనది కావాలి. నేను చూసి చెప్తాను" అన్నాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి చలికాలం ఇంకా పూర్తిగా రాలేదు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుడతారు. చలికి పొద్దున్నే ఆవిడ వేళ్ళు కొయ్యబారిపోతాయి. కాసేపు వేడినీళ్ళ ధార కింద పెట్టుకుంటే తప్ప విచ్చుకోవు, సూదిలో దారం ఎక్కదు. ఇది నాకు తెలియదా? తెలుసు కనకనే, ఆవిడ కోసమనే, లోకంలోకెల్లా గట్టి హీటరు వెతకడానికి నడుం కట్టాను.

ఆహా, ఏం లోకమండీ అది! రాగి కడ్డీ ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది గానీ సున్నపు నీళ్ళకు తట్టుకోదట. స్టీలు ఫరవాలేదట. నికెల్ కలిపిన మేలురకం భేషట. టైటానియం అయితే సముద్రపు నీళ్ళలో పడేసినా చెక్కుచెదరదట!

"మనం సముద్రంలో స్నానం చెయ్యం కదండీ" అంది మా ఆవిడ. ముందుచూపు లేనివాళ్ళతో ఏం మాట్లాడతాం?

పొట్టి కడ్డీకన్నా పొడుగు కడ్డీ మేలని మీకు తెలుసా? అదే వేడిని ఒళ్ళంతా పంచుకుంటుంది కాబట్టి పెచ్చు తక్కువ కట్టి ఎక్కువకాలం బతుకుతుంది. ఈ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఆఫీసులో నా బల్ల దగ్గరికి పనిమీద వచ్చినవాడెవడూ థర్మోస్టాట్ గురించి వినకుండా వెనక్కి వెళ్ళలేదు. కొన్నాళ్ళకు నన్ను చూడగానే అందరూ వేరే మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఊరికే కూర్చునే ఉద్యోగులకు ఆమాత్రం వ్యాయామం ఉండాలి కదా!

ఇక ఇంటర్నెట్లో కొన్నవాళ్ళ అభిప్రాయాలు. వాటిని చదవని జన్మ వృథా. ఒకాయన అయిదు చుక్కలిచ్చి 'పెట్టె ఇంకా తెరవలేదు, అద్భుతంగా పనిచేస్తోంది' అని రాశాడు. ఇంకొకాయన ఒక్క చుక్కే ఇచ్చి, హీటరు బాగానే ఉంది గానీ దాన్ని కొనమన్న తన బావమరిది మంచివాడు కాదన్నాడు. ఇలాంటి ఆత్మీయత మీకు మామూలు కొట్లో దొరుకుతుందా?

వారంటీల సంగతి చెప్పనే లేదు. సున్నపు నీళ్ళు, ఉప్పునీళ్ళు, తుప్పునీళ్ళు తగలనంతవరకూ పూర్తి పూచీ తమదేనని ఓ కంపెనీవారు హామీ ఇచ్చారు. అంటే ఆ హీటరు మీద నీళ్ళు పడకుండా చూసుకుంటే చాలు!

ఈలోగా మేం చన్నీళ్ళు పోసుకున్నామనుకుంటున్నారా? అబ్బే. పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టుకున్నాం. "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ మా ఆవిడ మసిగుడ్డలతో గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బాత్రూంకి పరుగెత్తేది. పొద్దున్నే ఇంట్లో ఎంత సందడి!

"మామూలుది వేయించేస్తే పోయేది కదండీ. పాడైతే మళ్ళీ ఇంకోటి వేయించుకుంటాం" అంది ఒకరోజు, కాలిన వేలు నోట్లో పెట్టుకుని.

ఇలాంటి ఆలోచనల వల్లే సామ్రాజ్యాలు కూలిపోయాయని చెప్పాను.

గిన్నెలో నీళ్ళు అత్తగారి దాకా వచ్చేసరికి గోరువెచ్చగా అయ్యేవి. ఆవిడ చేతులు ముంచి, తీసి, వేళ్ళు కదిలించి చూసుకునేవారు. ఓ రోజు మిషను మీద దుప్పటి కప్పేశారు. "వేళ్ళు మాట వినట్లేదమ్మా. వేరే ఎవరికైనా ఇచ్చి కుట్టించుకో" అంటూ ఒకావిడకు గౌను తిరిగి ఇచ్చేస్తుంటే విన్నాను. చూశారా మరో లాభం? ఎన్నేళ్ళకో ఆవిడకు కాస్త విశ్రాంతి దొరికింది!

చివరికి దొరికిందండీ! నికెల్ కలిపిన పొడుగు కడ్డీ, మా గీజరు మూతికి సరిగ్గా పట్టే రకం. ఎలక్ట్రీషియన్ కొత్త రబ్బరు వాషరు వేసి బిగించి, "మంచిది పట్టారు సార్. పదిహేనేళ్ళు దీని జోలికి వెళ్ళక్కర్లేదు" అన్నాడు. నేను గాల్లో తేలిపోయాను.

అయితే మా ఇంటి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. కొత్త వస్తువు వస్తే పాడవకుండా చూసుకోవడం మొదటి పని, వాడుకోవడం తరవాతి సంగతి. మా సోఫా మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు, కూర్చుంటే జారిపోతాం. మంచి కప్పులు అద్దాల బీరువాలో ఉంటాయి, మేం చెవి విరిగిన వాటిలో కాఫీ తాగుతాం. అలాంటి ఇంట్లోకి వచ్చిన ఇంతటి హీటరును పొద్దున లేస్తూనే సున్నపు నీళ్ళలో కాల్చిపారేస్తామా? గీజరు స్విచ్చి మీద మంచి టేపు చూసి అడ్డంగా రెండు వరసలు అతికించాను. జ్వరాలకూ చుట్టాలకూ మాత్రమే తియ్యాలని నిర్ణయం. గిన్నె మళ్ళీ పొయ్యెక్కింది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఒక పొద్దున అత్తగారు భుజం మీద తువ్వాలు వేసుకుని బాత్రూం దగ్గరికి వచ్చారు.

"ఏం బాబూ, హీటరు బిగించారుగా. స్విచ్చి వెయ్యమంటారా?"

ఎంత ఓపిగ్గా చెప్పాననుకున్నారు! రాగి దగ్గర మొదలుపెట్టి, నికెల్ మీదుగా, పెచ్చు కట్టే విధానం దాకా వివరించాను. "ఇలా జాగ్రత్తగా ఉంచుకుంటే పదిహేనేళ్ళేమిటి అత్తయ్యగారూ, ఇరవై ఏళ్ళయినా కొత్తదానిలాగే ఉంటుంది" అని ముగించాను.

ఆవిడ అంతా విన్నారు.

"మంచి వస్తువే తెచ్చారు బాబూ" అన్నారు. "ఇరవై ఏళ్ళంటే మాటలా? నా దగ్గరే అంత టైం లేదు."

అని టేపు మీద చెయ్యి వేశారు. గోటితో అంచు పట్టుకోబోయారు. వేలు వంగలేదు. ఇంకో వేలితో ప్రయత్నించారు. బట్టల కుట్లు వెంట్రుకవాసి తేడా రాకుండా విప్పే చేతులు, నేనతికించిన టేపు మీద జారిపోతున్నాయి. టేపు మాత్రం చెక్కుచెదరలేదు. అది కూడా నేను ఏరి కోరి తెచ్చిన మన్నికైన రకం.

ఆవిడ నన్ను తియ్యమని అడగలేదు. నేనే ముందుకు వెళ్ళి పీకేశాను. ఒక్క లాగుకి రాలేదు, సున్నంతో పాటు గోడ రంగు కూడా ఊడివచ్చింది.

ఇప్పుడు గీజరు రోజూ పొద్దున్నే కాగుతోంది. ఇది రాస్తుంటే ముందుగదిలో కుట్టుమిషను ఒకటే చప్పుడు, రెండు వాక్యాలు నిలకడగా రాయనివ్వడం లేదు. హీటరు మీద ఈపాటికి పెచ్చు కడుతూనే ఉంటుంది. కట్టనివ్వండి. పదిహేనేళ్ళు కాకపోతే అయిదేళ్ళకే పోనివ్వండి, పోతే ఆ సాయంత్రమే ఇంకోటి వేయిస్తాను. హీటర్లయితే మళ్ళీ దొరుకుతాయి కదా, ఎన్ని రకాలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?