విదేశీ లోటు వర్ధిల్లాలి!

మన దేశం పరదేశాలకు అమ్మేది తక్కువ, కొనేది ఎక్కువ. అందువల్ల ఏటేటా ఏర్పడే లోటును తలచుకొని పెద్దలు కన్నీరు కారుస్తున్నారు. పాఠక మహాశయులారా, ఆ లోటు మనకు దక్కిన వరమని సవినయంగా మనవి చేస్తున్నాను!

ఇచ్చేది గోరంత, పుచ్చుకునేది కొండంత అయిన మనిషిని లోకం ఏమంటుంది? అల్లుడుగారంటుంది! మనం తేయాకు పంపుతాము. వారు పెట్రోలు, పామాయిలు పంపుతారు. ప్రపంచమంతా అత్తవారిల్లు అయినప్పుడు ఏడుపెందుకు?

పైగా లోటే లేకపోతే దాన్ని పూడ్చే కమిటీల గతేమిటి? ఆ కమిటీలకు టీలు అందించేవారి గతేమిటి? దిగుమతి లైసెన్సనే పవిత్ర పత్రం అసలు పుట్టేదేనా?

ఆ పత్రం మహిమను మా నూజివీడు ఈ వేసవిలో కళ్ళారా చూసింది. మామిడి గుజ్జును టిన్నుల్లో నింపి అరబ్బు దేశానికి పంపాలని శేషగిరిరావుగారు పదెకరాల తోట అమ్మి, విస్సన్నపేట రోడ్డులో షెడ్డు వేశారు. మొదటి ఆర్డరు వచ్చింది. సరిగ్గా అప్పుడే మూతలు బిగించే జర్మనీ మిషనులో అరచేతిపాటి చక్రం విరిగింది! జూన్ పదిలోగా సరుకు ఓడ ఎక్కకపోతే ఆర్డరు రద్దు.

కొత్త చక్రం జర్మనీ నుంచే రావాలి కనుక ఆయన గుండె చిక్కబట్టుకొని పట్నంలోని దిగుమతి లైసెన్సుల ఆఫీసుకు పరుగెత్తారు.

"విదేశీ మారకం కొరతగా ఉందండీ," అన్నాడు గుమాస్తా. "ఏదైనా ఎగుమతి చేసినట్టు రుజువు తెండి, చక్రానికి లైసెన్సు ఇచ్చేస్తాం."

"చక్రం వస్తేనే కదండీ ఎగుమతి!"

"నిజమేనండీ. కానీ ఎగుమతి అయితేనే చక్రం."

ఎంతటి దేశభక్తి! శేషగిరిరావుగారు నాలుగుసార్లు తిరిగారు. ఈలోగా గుజ్జు కోసం షెడ్డులో దించిన రసాల మామిళ్ళు, వాటికి రూల్సు తెలియవు కనుక, పండిపోయాయి. తరువాత కుళ్ళాయి. జూన్ పదకొండున షెడ్డు వెనుక గొయ్యి తవ్వించారు.

కూలీల మేస్త్రి ఇన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నిలదీసింది.

"గుజ్జు తియ్యడానికి రమ్మని గొయ్యి తవ్వమంటారేంటి బాబుగారూ?"

"దేశం కోసం ఇన్నమ్మా," అన్నారాయన, ఆమె ముఖం చూడలేక.

"దేశం కోసమైతే ఆ దేశాన్నే ఓ పార పట్టుకు రమ్మనండి! మా ముప్ఫైమందికీ రేపణ్ణించి పనెక్కడ?"

సాయంత్రానికి నాలుగు లారీల పండ్లు మట్టిలో కలిశాయి. అరబ్బు షావుకారు మరో దేశంలో గుజ్జు కొనుక్కున్నాడు. మన లోటులో ఒక్క డాలరైనా తగ్గిపోకుండా కాపాడిన ఆ గుమాస్తాగారికి ఇంతవరకూ ప్రమోషను రాలేదట. ఇదేం న్యాయం?