అరవై నాలుగు పేర్ల తర్వాత జవాబు

కృత్రిమ మేధలో కోనసీమ ఇక ప్రపంచానికి దారి చూపిస్తుందని గౌరవ చైర్మన్ సూర్యారావు గారు అమలాపురంలో ప్రకటించినప్పుడు, మా పత్రిక తరఫున ముందు వరుసలో కూర్చుని ఆ మాట రాసుకున్న భాగ్యం నాది. కృత్రిమ మేధ అంటే ఏమిటని నేను అడగలేదు. అడిగితే ఆయన చెబుతారని భయం.

నిజానికి దాన్ని తయారుచేసింది కాలేజీలో కంప్యూటర్లు చెప్పే స్టెల్లా. ఎవరైనా ఉచితంగా తీసుకుని, కావలసినట్టు మార్చుకోగల ఓపెన్‌సోర్స్ మోడల్ ఒకటి తెచ్చుకుంది. పెద్ద మిషను కొనే స్తోమత లేక, ఊళ్ళో ఇళ్ళలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లన్నిటినీ నెట్ ద్వారా కలిపి దాన్ని నడిపింది. గోదావరికి పైనుంచి ఎంత నీరు వదిలితే నది మధ్య ఏ లంక ఎప్పుడు మునుగుతుందో, పాత వరదల లెక్కలూ పడవవాళ్ళ మాటలూ కలిపి నేర్పింది. లంకల్లోవాళ్ళు ఫోన్ చేసి అడిగితే టక్కున చెప్పేది. పోయినేడు వరదలో ఒక్క పశువు కూడా పోలేదు. ఇంత మంచి పని నాయకుడి పేరు లేకుండా జరిగిపోతున్నందుకు సూర్యారావు గారి మనసు కలుక్కుమంది.

వెంటనే ఆయనే గౌరవ చైర్మన్‌గా ప్రజా మేధా సంఘం వెలిసింది. కంప్యూటర్లు కలిపినవాళ్ళు అరవై నలుగురయ్యారు. మా వైపు గుడికి ట్యూబులైటు ఇచ్చినా దాని మీద తాతగారి పేరుతో సహా రాయిస్తాం. వెలుగు అక్షరాల సందుల్లోంచి వస్తే వస్తుంది. కంప్యూటరు ఎవరింట్లో వాళ్ళకే ఉంటుంది కనక, పేరు రాయించినా చూసేవాళ్ళుండరు. అందుకని ప్రతి జవాబుకీ ముందు దాతల పేర్లు మోడల్ చేతే చదివించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

స్టెల్లా బతిమాలింది. “వరదల టైమండీ. ముందు జవాబు చెప్పించి, పేర్లు తర్వాత చదివిద్దామండీ.”

“జవాబు విన్నాక ఫోన్ పెట్టేస్తారు కదమ్మా! పేర్లెవరు వింటారు?” అన్నారు సూర్యారావు గారు.

“ఇది అందరిదీ అండీ.”

“ఆయ్! ఎవరైనా మార్చుకోవచ్చని మీరే అన్నారు. మేం మార్చుకున్నాం. పేరు తీస్తే దాతలు ప్లగ్గు తీసేస్తారమ్మా, ఆలోచించుకోండి.”

ఓపెన్‌సోర్స్‌ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ప్రారంభోత్సవం ఏటిగట్టు మీద పెట్టారు. గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. మొదటి ప్రశ్న అడగడానికి పడవ నడిపే గంగయ్యని ఎంపిక చేశారు. అతని చూడిగేదె పాయకి అవతల, లంకలో గుంజకి కట్టేసి ఉంది. పొద్దున్నే ఫోన్ చేసి అడగబోతే లైను కలవలేదు. ప్రారంభం కాకుండా జవాబు చెప్పడం అశుభమని సంఘం ఆపించిందట.

గంగయ్య మైకు పట్టుకున్నాడు. “లంకలో నా చూడిగేదె ఉందండి. నెలలు నిండేయండి. ఏ టైములోగా పాయ దాటించమంటారండి?”

“నమస్కారమండి,” అంది మోడల్ తీయగా. “ఈ జవాబు దాతలు. గౌరవ చైర్మన్, సేవారత్న సూర్యారావు గారు. వారి ధర్మపత్ని భవానీదేవి గారు…”

పేరు చదివినప్పుడల్లా ఆ దాత లేచి నమస్కారం పెట్టడం, శాలువా కప్పించుకోవడం. చప్పట్లు ఆగేదాకా మోడల్ మర్యాదగా ఆగేది. ముప్పై ఒకటో పేరు దగ్గర మురళీమోహన్ గారు లేచారు.

“నా పేరు ముందు డాక్టర్ ఏదండీ?”

పొరపాటు దిద్ది, మళ్ళీ మొదటినుంచి చదివించారు. భవానీదేవి గారికి రెండో శాలువా వచ్చింది.

గంగయ్య లేచాడు. “వెళ్ళొస్తానండి. గేదె…”

“జవాబు రాకుండా వెళ్ళిపోతే ఎలాగండీ? పేపరువాళ్ళు వచ్చేరు,” అని ఒక కార్యకర్త కూర్చోబెట్టాడు. పేపరువాళ్ళంటే నేనే. ఫోటో కోసం ఒక్క నిమిషం ఆగమని నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అరవై నాలుగో పేరు అయింది. “గంగయ్య గారూ, మీరు అడిగిన దగ్గర్నుంచి అరగంటలోపు గేదెని దాటించెయ్యండి. ఆలస్యం చెయ్యకండి.”

అడిగి గంటా పది నిమిషాలైంది. సభ చప్పట్లతో మారుమోగింది. గంగయ్య గట్టు దిగి పరిగెత్తాడు. పాయ నిండుగా పోతోంది. అవతల గుంజ కూడా కనిపించలేదు.

స్టెల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్యారావు గారు మైకు అందుకున్నారు. “చెప్పిన టైముకి మునిగిందా, లేదా? జవాబు నూటికి నూరుపాళ్ళు కరెక్టండీ!”

మరుసటి వారం అమలాపురంలో సంతాపసభ జరిగింది. విజ్ఞానం కోసం ప్రాణమిచ్చినవారిని కోనసీమ మరిచిపోదని చైర్మన్ గారు గద్గదంగా ప్రకటించి, మోడల్‌ని పలకరించారు. అది అరవై నాలుగు పేర్లూ చదివి, కాస్త ఆగి, కొత్త పేరు చదివింది.

“అరవై అయిదు. గంగయ్య గారి గేదె, కీర్తిశేషురాలు.”

పేరు చదివినప్పుడు ఎవరో ఒకరు లేచి నమస్కారం పెట్టాలి కదా. గంగయ్య లేచాడు.